పత్తర్‌గట్టీ దుకాణాలు - కంప్యూటరు కంటైనర్లు

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తినది. పిమ్మట నగర పునర్నిర్మాణానికై 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. పాతనగరంలో చార్మినారు దారిలోని పత్తర్‌గట్టీ రాతి దుకాణాల వరుస ఆ మండలి నిర్మించినదే. అచట కమానుల వరుస అందరికీ ఉమ్మడి. కాని ప్రతి దుకాణానికి సరకు వేరు, తలుపు వేరు, తాళం వేరు. నేటి కంప్యూటర్లలోని ‘కంటైనరు’ ఏర్పాటును గ్రహించుటకు ఈ వరుస చక్కని ఉపమానం.

ఒక ప్రోగ్రాము దానిని వ్రాసినవాని కంప్యూటరులో చక్కగా నడచి, మరొకచోట మొరాయించుట కద్దు. కారణమేమి? ప్రతి ప్రోగ్రామునకు కొన్ని సహాయక ఫైళ్లు కావలెను. రెండు ప్రోగ్రాములు ఒకే ఫైలు యొక్క వేర్వేరు వెర్షన్లను కోరినచో చిక్కు వచ్చును.

దీనికి ఒక ఉపాయం, ఒకే యంత్రంలో అనేక యంత్రాలున్నట్లు భ్రమ కల్పించుట. ఐ.బి.ఎం. 1972లో ప్రకటించిన వి.ఎం.370 ఇట్టిదే. ప్రతి ప్రోగ్రామునకు ఒక ప్రత్యేక గృహం కట్టినట్లన్నమాట. క్షేమమే కాని, ఖర్చు హెచ్చు.

రెండవ ఉపాయం ఉమ్మడి కట్టడం. 1979 నాటి యూనిక్స్ ఏడవ వెర్షనులోని ‘సీహెచ్‌రూట్’ ఆదేశం, ఒక ఫోల్డరునే సమస్త ప్రపంచంగా ప్రోగ్రామునకు చూపినది. 2000లో ఫ్రీబీఎస్‌డీ ‘జైలు’ పద్ధతి వచ్చినది. 2006లో గూగుల్ ఇంజనీర్లు పాల్ మెనేజ్, రోహిత్ సేఠ్, ఏ ప్రోగ్రాముల సమూహం ఎంత మెమరీ, ఎంత ప్రాసెసరు కాలం వాడవచ్చునో నియమించు పద్ధతిని ఆరంభించిరి. 2008 జనవరిలో అది లినక్స్ కెర్నెల్‌లో చేరినది.

2013 మార్చిలో సాలమన్ హైక్స్ ‘డాకర్’ను ప్రదర్శించెను. ప్రోగ్రామును, దాని సహాయక ఫైళ్లను ఒకే మూటగా కట్టి, తగిన కెర్నెల్ గల ఏ యంత్రానికైనా పంపు సులభమార్గం దానివలన వ్యాపించినది. పేరు ఓడలనుండి వచ్చినదే. 1956 ఏప్రిల్ 26న ‘ఐడియల్ ఎక్స్’ నౌక 58 పెట్టెలతో న్యూఆర్క్ నుండి హ్యూస్టన్‌కు బయలుదేరినది. లోని సరకును దించకుండ, పెట్టెనే లారీనుండి ఓడకు మార్చుట అందలి విశేషం.

అయితే ఈ కంప్యూటరు పెట్టెలన్నిటికి కెర్నెల్ ఒక్కటే. 2019 ఫిబ్రవరిలో, కంటైనర్లను నడుపు ‘రన్‌సీ’ అను సాధనంలో ఒక లోపం బయటపడినది. దానివలన పెట్టెలోని దుష్ట ప్రోగ్రాము, ఆతిథ్యమిచ్చిన యంత్రంపైనే పూర్తి అధికారం పొందగలదు. లోపం వెంటనే సవరింపబడినది. పాఠం మాత్రం మిగిలినది.

ఎవరి దుకాణానికి వారు తాళం వేసికొన్నను, ఉమ్మడి గోడకు కన్నం పడినచో అందరికీ నష్టమే. తెలిసిన ప్రోగ్రాములను ఒకే వరుసలో ఉంచవచ్చును. నమ్మకం లేనిదానికి ప్రత్యేక గృహమే మేలు.