గంజాయి మందు: నర్సు నేర్వవలసిన పాఠం

గంజాయి అనగానే మనకు బైరాగి చిలుము గుర్తుకు వస్తుంది. ఒకనాడు అది వైద్యుని అలమరలోనూ ఉండేది. 1839లో కలకత్తా వైద్య కళాశాల ఆచార్యుడు ఓషానెస్సీ ధనుర్వాతానికి, పసిబిడ్డల మూర్ఛకు దాని సారాన్ని వాడి ఫలితాలు ప్రకటించాడు. ఆ మందు ఇంగ్లండుకూ ప్రాకింది. ఆ శతాబ్దంలో మన కృష్ణా జిల్లాలోనూ, నాడు అందులో భాగమైన బాపట్ల ప్రాంతాన, ఈ మొక్కను సాగుచేసేవారు.

అయినా ఆ మందు నిలువలేదు. కారణం కొలత. ఒక చేని పంటకున్న బలం మరొక చేని పంటకు ఉండదు. ఒక సీసాలోని పది చుక్కలు ఏ గుణమూ చూపకపోతే, మరొక సీసాలోని అవే పది చుక్కలు రోగికి మతి తప్పించేవి. 1932లో బ్రిటిష్ ఔషధ సంహిత దానిని తొలగించింది. మత్తు కలిగించే పదార్థాన్ని శుద్ధరూపంలో వేరుచేయడం 1964లో గాని సాధ్యపడలేదు.

కొలిచి ఇవ్వడం, వేళ తప్పకుండడం, రోగిని కనిపెట్టి చూచినది వ్రాసి ఉంచడం నర్సు విద్యకు పునాదులు. 1898లో డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరులో తెరచిన స్త్రీల ఆసుపత్రిలో తెలుగు యువతులు అభ్యసించినది ఈ విద్యనే. గంజాయి మందుకు కొరవడినవీ ఇవే.

2018లో అమెరికా నర్సింగు మండలుల జాతీయ సంఘం ఈ విషయమై మార్గదర్శక సూత్రాలు వెలువరించింది: నర్సుకు చట్టం తెలియాలి, గుణదోషాలు తెలియాలి, రోగిపట్ల తీర్పరితనం కూడదు. మన 1985 నాటి చట్టం గంజాయిని నిషేధించినా, వైద్య, శాస్త్ర ప్రయోజనాలకు అనుమతి మార్గాన్ని మూయలేదు.

నొప్పి తాళలేక ఇంట చాటుగా వాడిన రోగి ఆ మాట వైద్యునికి చెప్పడు. ఎంత, ఎప్పుడు, ఏ మందుతో కలిపి అని మెల్లగా అడుగగలిగినది మంచం ప్రక్కన నిలిచిన నర్సు మాత్రమే.