స్టోరేజ్ అర్రేల దూర నిర్వహణ: ముఖ్య పదాలు

పదులు, వందల కొద్దీ డిస్కులను కంట్రోలర్లు అనే ప్రత్యేక కంప్యూటర్ల అదుపులో ఉంచి, అనేక సర్వర్లకు ఉమ్మడి నిల్వగా అందించే వ్యవస్థను స్టోరేజ్ అర్రే అంటారు. దానిని నడిపే అడ్మినిస్ట్రేటర్ తరచూ వేరే ఊళ్లో ఉండి, తెరపై కనిపించే పేర్లను, అంకెలను మాత్రమే నమ్మి పనిచేయవలసి వస్తుంది కనుక, ఒక పదాన్ని మరొకటిగా పొరబడితే దాని ఫలితం నేరుగా డేటా మీదే పడుతుంది.

ముందుగా తేల్చుకోవలసింది ఆదేశాలు వెళ్లే దారి. డేటా ప్రవహించే ఫైబర్ ఛానల్ లేదా ఐ-స్కజీ మార్గంలోనే ఆదేశాలనూ పంపే పద్ధతిని ఇన్-బ్యాండ్ అని, కంట్రోలర్‌కు ఉన్న ప్రత్యేక ఈథర్‌నెట్ పోర్టు ద్వారా బ్రౌజర్‌తోనో, ఎస్ఎస్‌హెచ్ కమాండ్ లైన్‌తోనో పంపే పద్ధతిని అవుట్-ఆఫ్-బ్యాండ్ అని వ్యవహరిస్తారు. మొదటి పద్ధతిలో డేటా మార్గం తెగితే దానిని సరిచేసే దారి కూడా ఆ క్షణంలోనే మూసుకుపోతుంది. అందువల్ల రెండవదే మేలు, అయితే ఆ పోర్టును ఇంటర్నెట్‌కు అందకుండా ఉంచాలి.

సర్వర్‌కు కేటాయించే నిల్వ భాగాన్ని వాల్యూమ్ అని, వాడుకలో లన్ అని అంటారు. సర్వర్లు నిల్వ పరికరాలకు ఆదేశాలిచ్చే స్కజీ ప్రమాణం ప్రకారం లన్ ఒక సంఖ్య మాత్రమే; రెండు సర్వర్లకు రెండు వేర్వేరు వాల్యూములు లన్ 0 గానే కనిపించవచ్చు. అందుకే దేనినైనా తొలగించే ముందు ఆ సంఖ్యతో సరిపెట్టుకోక, మరే వాల్యూముకూ ఉండని దాని శాశ్వత గుర్తింపును సరిచూడటం తప్పనిసరి. ఫైబర్ ఛానల్ పోర్టులకు 64 బిట్ల వరల్డ్ వైడ్ నేమ్ ఇలాంటి గుర్తింపే. ఏ పోర్టు ఏ పోర్టుతో మాట్లాడవచ్చో స్విచ్‌లో నిర్ణయించడం జోనింగ్, ఏ సర్వర్‌కు ఏ లన్ కనిపించాలో అర్రేలో నిర్ణయించడం లన్ మాస్కింగ్. పరస్పర సమన్వయం లేని రెండు సర్వర్లు ఒకే లన్‌పై రాస్తే ఫైల్ సిస్టమ్ చెడిపోతుంది కాబట్టి, ఈ రెండు కట్టడులూ ఉండవలసిందే.

అర్రే లోపల డిస్కు చెడినా డేటా నిలిచేలా అనేక డిస్కులను కలిపి వాడే పద్ధతి రెయిడ్. 1988లో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ప్రతిపాదించిన రెయిడ్ విధానాల్లో రెయిడ్ 5 ఒక డిస్కు వైఫల్యాన్ని తట్టుకుంటుంది, తర్వాత వచ్చిన రెయిడ్ 6 రెండింటిని తట్టుకుంటుంది. చెడిన డిస్కు స్థానంలోకి తనంతట తానే వచ్చే హాట్ స్పేర్ వల్ల మనిషి అక్కడికి చేరేవరకు వ్యవధి దొరుకుతుంది.

ఆ వైఫల్యపు వార్తను అర్రే, నెట్‌వర్క్ పరికరాల పర్యవేక్షణకు వాడే ఎస్ఎన్ఎంపీ ప్రోటోకాల్‌లోని ట్రాప్ అనే సందేశం రూపంలో పంపుతుంది. ట్రాప్‌కు అందినట్టు రసీదు ఉండదు, దారిలో పోయినా పంపినవారికి తెలియదు. కాబట్టి హెచ్చరిక రాలేదంటే అంతా క్షేమమని భావించకుండా, నిర్వహణ సాఫ్ట్‌వేర్ అర్రే స్థితిని క్రమం తప్పకుండా అడిగి తెలుసుకోవాలి. ఇదే సమాచారం తయారీదారుకు నేరుగా వెళ్లే ఏర్పాటు కాల్ హోమ్. వేర్వేరు కంపెనీల అర్రేలను ఒకే పద్ధతిలో నిర్వహించడానికి ఎస్ఎన్ఐఏ అనే పరిశ్రమ సంఘం ఎస్ఎంఐ-ఎస్ ప్రమాణాన్ని, 2016లో స్వోర్డ్‌ఫిష్‌ను రూపొందించింది.

డేటాను మరో ఊరి అర్రేకు నకలు చేయడం రెప్లికేషన్. సింక్రనస్ పద్ధతిలో అవతలి అర్రే అంగీకారం తెలిపేవరకు రాత పూర్తికాదు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది గనుక, 100 కిలోమీటర్ల దూరానికి రాకపోకలకే ఒక మిల్లీసెకను పడుతుంది. దూరం పెరిగితే అసింక్రనస్ పద్ధతికి మారి, కొద్దిపాటి తాజా డేటా నష్టానికి సిద్ధపడాలి. ఏ పద్ధతిలోనైనా తప్పుగా తుడిచినదీ అవతలికి నకలవుతుంది. ఒక క్షణపు స్థితిని నిలిపి ఉంచే స్నాప్‌షాట్ ఆ తప్పును దిద్దగలదు గానీ, అర్రేతోపాటే అదీ పోతుంది కాబట్టి విడిగా బ్యాకప్ కూడా ఉండాలి.