రొమ్ము క్యాన్సర్: వైద్యం ఉచితమైనా ఆగిపోయేది ఎక్కడ, ఆసరా దొరికేది ఎక్కడ

భారతదేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్‌దే మొదటి స్థానం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో దేశంలో సుమారు 1,92,000 మందికి ఈ జబ్బు కొత్తగా వచ్చింది. అదే ఏడాది 98,000 మందికి పైగా చనిపోయారు. తొలిదశలో పట్టుకుంటే నయమయ్యే అవకాశం ఎక్కువ. కానీ మన పల్లెల నుంచి చాలామంది గడ్డ ముదిరాకే పెద్దాసుపత్రికి చేరుతున్నారు.

తెలుగు రాష్ట్రాల్లో పేద కుటుంబాల క్యాన్సర్ చికిత్సకు ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉంది. అయినా కూలికి పోయే దళిత మహిళ చికిత్స మధ్యలో ఆగిపోతూనే ఉంది. పథకం ఆసుపత్రి బిల్లు కడుతుంది. పోయిన కూలి, బస్సు ఛార్జీ, తోడు వచ్చిన మనిషి తిండి, ఇంటి దగ్గర పిల్లలు ఆ బిల్లులోకి రారు. ఏ దశలో ఏ హక్కు ఉందో, సంఘం ఎక్కడ నిలబడాలో ఇక్కడ వరసగా చూద్దాం.

గడ్డ తగిలినప్పుడు

రొమ్ములో గానీ చంకలో గానీ గడ్డ, చర్మం సొట్టపడటం లేదా నారింజ తొక్కలా మారడం, చనుమొన లోపలికి పోవడం, రక్తం కారడం: వీటిలో ఏది కనిపించినా చూపించుకోవాలి. తొలిదశలో గడ్డకు చాలాసార్లు నొప్పి ఉండదు. నొప్పి లేదు కదా అని ఆర్‌ఎంపీ మందులతో నెలలు గడిపేయడమే ప్రమాదం.

30 ఏళ్లు దాటిన ప్రతి మహిళకూ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో చేతితో రొమ్ము పరీక్ష చేయాలన్నది జాతీయ కార్యక్రమంలో ఉన్న నియమం. ఆశా కార్యకర్త ఇంటింటికీ వచ్చి ఫారం నింపాలి. ఆచరణ ఎలా ఉందో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది: 30–49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఒక్కరు కూడా లేరు.

ఈ పరీక్షకు యంత్రం అక్కర్లేదు. ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ వైద్యులు లక్షన్నర మందికి పైగా మహిళలతో 20 ఏళ్లు నడిపిన అధ్యయనం 2021లో వెలువడింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేతితో పరీక్షించిన చోట జబ్బు ముందు దశలోనే బయటపడింది. 50 ఏళ్లు దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. మన వాడలో ఈ పరీక్ష ఎందుకు జరగడం లేదని పీహెచ్‌సీ డాక్టరును అడగడానికి ఈ ఒక్క లెక్క చాలు.

ఎక్కడికి వెళ్లాలి

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిది. విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి టాటా మెమోరియల్ సెంటర్ కింద నడుస్తుంది. తిరుపతిలో టాటా ట్రస్టుల సహకారంతో వచ్చిన క్యాన్సర్ సంస్థ ఉంది. ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్‌లో ఉన్న ప్రైవేటు ఆసుపత్రుల జాబితా 104కు ఫోన్ చేస్తే చెబుతారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఈ పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. తెలంగాణలో కుటుంబానికి ఏడాది పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు.

నెట్‌వర్క్ ఆసుపత్రిలో మొదట కలవాల్సింది ఆరోగ్యమిత్రను. డబ్బు కట్టమని అడిగితే రసీదు అడగండి, ఆ వెంటనే 104లో ఫిర్యాదు చేయండి. ఎస్సీ, ఎస్టీలను ఆసుపత్రిలోకి, పీహెచ్‌సీలోకి రానివ్వకుండా అడ్డుకోవడం 2015 సవరణ తర్వాత అట్రాసిటీ చట్టం కింద స్పష్టంగా నేరం.

పథకం దాటి ఖర్చయితే

ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న ఎస్సీ, ఎస్టీ రోగుల కోసం కేంద్రంలో డాక్టర్ అంబేడ్కర్ ఫౌండేషన్ వైద్య సహాయ పథకం ఉంది. క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ అందులోకి వస్తాయి. కుల, ఆదాయ ధ్రువపత్రాలతో పాటు ఆసుపత్రి ఇచ్చే ఖర్చు అంచనా పత్రం కావాలి. కాబట్టి చికిత్సకు ముందే దరఖాస్తు పెట్టాలి.

ఇక్కడ ఒక గోడ ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితులు ఎస్సీలు కారు. మన రాష్ట్రాల్లో వాళ్లు బీసీ–సీ. ఆ సర్టిఫికెట్ ఉన్న అక్కకు ఈ పథకం వర్తించదు. ఆరోగ్యశ్రీకి, ముఖ్యమంత్రి సహాయ నిధికి మాత్రం కులం అడ్డురాదు. ఏ కాగితం ఏ కౌంటర్‌లో పనికొస్తుందో ముందే చూసుకుంటే తిరుగుడు తగ్గుతుంది.

పోయిన కూలి సంగతి

కీమో సాధారణంగా మూడు వారాలకోసారి, నెలల తరబడి సాగుతుంది. రేడియేషన్ వారానికి ఐదు రోజుల చొప్పున మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ రోజుల్లో పనికి పోలేరు.

మున్సిపాలిటీ పారిశుధ్యం, ఆసుపత్రి హౌస్‌కీపింగ్, ఫ్యాక్టరీ పనుల్లో ఉన్నవారికి జీతంలో ఈఎస్‌ఐ కోత పడుతుంటే ఒక గట్టి హక్కు ఉంది. అనారోగ్య సెలవుకు ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం వేతనం వస్తుంది. క్యాన్సర్ దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉంది కాబట్టి ఆ తర్వాత 80 శాతం చొప్పున గరిష్ఠంగా రెండేళ్ల దాకా పొందవచ్చు. అందుకు రెండేళ్ల నిరంతర ఉద్యోగం, నాలుగు చందా కాలాల్లో కనీసం 156 రోజుల చందా ఉండాలి. ఈ ప్రయోజనం తీసుకుంటున్న కాలంలో కార్మికురాలిని తీసేయడాన్ని పాత ఈఎస్‌ఐ చట్టం 73వ సెక్షన్ నిషేధించింది. కాంట్రాక్టర్ కోత పెట్టిన డబ్బు నిజంగా జమ చేస్తున్నాడో లేదో జబ్బు రాకముందే యూనియన్ చూసి పెట్టాలి.

పొలం కూలీకి ఇలాంటి హక్కేదీ లేదు. వేతన నష్టానికి పరిహారం కావాలని సంఘాలు డిమాండ్ చేయాల్సింది ఇక్కడే.

ప్రయాణం

రైల్లో చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ ఉచితం, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ. ఆసుపత్రి డాక్టరు సంతకం చేసిన రాయితీ ఫారం కావాలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు నిర్దేశిత ఆర్టీసీ బస్సుల్లో ఛార్జీ లేదు. తోడుగా మరో మహిళ వెళ్తే ఇద్దరికీ ఖర్చు తప్పుతుంది.

ఆపరేషన్ తర్వాత

చంకలోని గ్రంథులు తీసేస్తే చేయి వాచే అవకాశం ఉంటుంది. పత్తి ముల్లు గుచ్చుకున్నా, మురుగులో పుండు పడినా ఇన్ఫెక్షన్‌తో వాపు పెరుగుతుంది. ఆ చేతికి గ్లౌజులు, బరువు లేని పని, ఆసుపత్రిలో నేర్పిన వ్యాయామం అవసరం. ఉపాధి హామీ పనిలో తేలిక పని ఇవ్వమని మేట్‌తో మాట్లాడటం కూడా ఆసరాయే.

రొమ్ము తీసేసినవారికి మెత్తని నూలు అల్లికతో చేసిన కృత్రిమ రొమ్మును నిటెడ్ నాకర్స్ ఇండియా ఉచితంగా ఇస్తోంది. హార్మోన్ రకం క్యాన్సర్ అయితే టామోక్సిఫెన్ లాంటి మాత్ర ఐదేళ్లు, అంతకు మించి రోజూ వేసుకోవాలి. బాగానే ఉంది కదా అని మాత్ర మానేయకుండా చూసే మనిషి ఇంట్లోనో వాడలోనో ఉండాలి.

నయం కాని దశలో

నొప్పి భరించాలన్న రూలేమీ లేదు. ఎంఎన్‌జేలో పాలియేటివ్ విభాగం ఉంది; తెలంగాణ జిల్లాల్లో ‘ఆలన’ కేంద్రాలు ఇంటికి కూడా వస్తాయి. హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ డబ్బు తీసుకోకుండా చూసుకుంటుంది. నొప్పికి మార్ఫిన్ దొరకడాన్ని 2014 చట్ట సవరణ సులభం చేసింది.

సంఘం చేయగలిగిన పనులు

మహిళా సంఘం, అంబేడ్కర్ యువజన సంఘం, ప్రార్థన కూటం, ఎవరైనా సరే ఈ నాలుగూ పంచుకోవచ్చు: ఆశాతో కలిసి వాడలో పరీక్షా దినం పెట్టించడం, కీమో తేదీలకు తోడు వెళ్లేవారి వంతులు రాసుకోవడం, రేషన్ కార్డు, ఆధార్, కుల, ఆదాయ పత్రాలు, రిపోర్టులు ఒకే సంచిలో పెట్టించడం, చికిత్స పూర్తయిన మహిళను కొత్తగా జబ్బు తేలినవారి ఇంటికి తీసుకెళ్లడం. రొమ్ము తీసేశాక ఎలా బతకాలో ఆమె చెప్పినంత నమ్మకంగా మరెవరూ చెప్పలేరు.