గర్భం లేని గర్భ సంకేతం: ఎలుగుబంట్లలో ప్రొజెస్టిరాన్, రుతువు

గోధుమరంగు ఎలుగుబంట్లు మే, జూలై నెలల మధ్య జతకడతాయి. పిల్లలు పుట్టేది జనవరి, ఫిబ్రవరుల్లో, మంచు కప్పిన గుహలో. మధ్యలో ఏడెనిమిది నెలలున్నా పిండం నిజంగా పెరిగేది రెండు నెలలే. ఆ రెండు నెలలూ తల్లి ఒంటి వేడి ఎక్కువగా ఉండి, ప్రసవం కాగానే శీతాకాల సుప్తావస్థ స్థాయికి దిగిపోతుంది. స్కాండినేవియాలో ఈ తేడాను ఆధారం చేసుకొని కట్టిన లెక్కలో అసలు గర్భకాలం సుమారు 56 రోజులని తేలింది. అంతకుముందంతా కొన్ని వందల కణాల ఉండ, అంటే బ్లాస్టోసిస్ట్, గర్భాశయ గోడకు అంటుకోకుండా తేలుతూ ఉంటుంది. దీన్ని విలంబిత ప్రతిస్థాపన అంటారు. ఈ నిరీక్షణకు తెరదించేది పిండమా, తల్లి శరీరమా?

మగ ఎలుగు కథ చిన్నది. వసంతం చివర టెస్టోస్టిరాన్ పెరుగుతుంది, శరదృతువుకల్లా వృషణాలు కుంచించుకుపోతాయి, అంతే.

ఆడదాని విషయం అంత తేలిక కాదు. అండోత్సర్గం తర్వాత ఏర్పడే కార్పస్ లూటియం నెలల తరబడి కునికిపాట్లు పడుతుంటుంది. అది విడుదల చేసే ప్రొజెస్టిరాన్ హార్మోను తక్కువ స్థాయిలోనే నడుస్తుంది. చలికాలం ముంగిట అది ఒక్కసారి పైకి లేస్తుంది, ఆ వెంటనే పిండం గోడకు అంటుకుంటుంది. ఇంతవరకు చూస్తే పిండమే తల్లిని నిద్రలేపినట్టు కనిపిస్తుంది. అయితే గర్భం నిలవని ఆడ ఎలుగుల్లోనూ ఈ పెరుగుదల ఇంచుమించు ఇలాగే ఉంటుంది. జంతుప్రదర్శనశాలల్లో ఎలుగుల కుటుంబానికే చెందిన పాండాలను సాకేవాళ్లకు ఈ అనుభవం కొత్తేమీ కాదు: ఆడ పాండా తిండి తగ్గిస్తుంది, గూడు కడుతుంది, అందరూ రాత్రులు మేలుకుంటారు, చివరికి పిల్ల ఉండదు. కాబట్టి ప్రొజెస్టిరాన్ రేఖను గర్భానికి రుజువుగా చదవడం పొరపాటని నా అభిప్రాయం. అది చెప్పేది కాలం సంగతి, కడుపు సంగతి కాదు.

ఆ కాలాన్ని శరీరం దేనితో కొలుస్తుంది? మింక్ అనే చిన్న మాంసాహారిలో మార్చి తర్వాత పగళ్లు పెరిగేకొద్దీ ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరిగి, కార్పస్ లూటియాన్ని మేల్కొల్పుతుంది. ఈ వివరణను ఎలుగుకు ఉన్నదున్నట్టు అంటగట్టలేం. దానిలో ప్రతిస్థాపన జరిగేది పగళ్లు కుదించుకుపోయే నెలల్లో మరి.

వెలుతురుతో పాటు కొవ్వునూ లెక్కలోకి తీసుకోవాలి. వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలోని ఎలుగులపై 2012లో వెలువడిన అధ్యయనంలో, శరదృతువులో కొవ్వు 20 శాతం లోపున్న ఆడవాటికి, జతకట్టినా, పిల్లలు పుట్టలేదు. బాగా బలిసినవి ముందుగా ఈనాయి, వాటి పిల్లలు త్వరగా పెరిగాయి. తిండీ నీళ్లూ ముట్టకుండా గుహలో పాలివ్వాల్సిన తల్లికి కొవ్వే గాదెలోని గింజ. వేసవిలో గర్భం ధరించి, పంట చూశాకే దాన్ని నిలుపుకోవడం ఈ ఏర్పాటులోని కిటుకు.

అయితే ఇదంతా మంచుకోసమే అనేవారికి మన వైపు కనిపించే మరో జాతి ఎలుగుబంటి అడ్డొస్తుంది. శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటల్లో తిరిగే ఈ జంతువుకు శీతాకాల సుప్తావస్థ లేదు. అయినా భారతదేశంలో ఇవి ఎక్కువగా వేసవిలో జతకడతాయి, చలికాలపు మొదట్లో ఈనుతాయి. మధ్య వ్యవధి ఆరేడు నెలలు. విలంబం ఇక్కడా ఉంది, మంచు మాత్రం లేదు. తల్లి కొన్ని వారాలు రాళ్ల సందున పిల్లలతోనే ఉండిపోతుంది. అవి వీపెక్కి బయటికొచ్చేసరికి అడవిలో ఇప్పపూలు రాలడం మొదలవుతుంది.