మెల్టెమి గాలీ, కొండాపూర్ బంగారు కాసూ

పటాన్‌చెరులో కాపురం చేసే ఆడవాళ్ళకు గాలి ఎటు నుంచి వీస్తోందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆరిన బట్టలు తేవడానికి సాయంత్రం డాబా మీదికి వెళ్తే ముక్కే చెప్పేస్తుంది. ఫ్యాక్టరీల వైపు నుంచి వస్తే కిటికీలు మూస్తాం, చెరువు వైపు నుంచి వస్తే తెరుస్తాం. ఇన్నేళ్ళుగా గాలితో నా పరిచయం అంతవరకే.

ఈ ఏడు మాత్రం రెండు నెలలుగా మా ఇంట్లో గాలి గురించే మాటలు. జర్మనీలో ఉద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయి జూలైలో వారం రోజులు సెలవు పెట్టి, స్నేహితురాళ్ళతో కలిసి గ్రీసు దేశంలోని రోడ్స్ ద్వీపానికి వెళ్తానంది. (రోడ్స్ అంటే మన గుంతల రోడ్లు కాదండీ, ఆ ద్వీపం పేరే అది.) ద్వీపం దక్షిణపు కొసన ప్రాసోనీసి అని ఒక చోటుంది. సన్నటి ఇసుక మేట, దానికి అటొక చిన్న అఖాతం, ఇటొక చిన్న అఖాతం. ఎండాకాలమంతా అక్కడ విపరీతమైన గాలి. ఆ గాలి కోసమే వెళ్తారట, కైట్ సర్ఫింగ్ చేయడానికి.

అంటే ఏమిటో మా అత్తమ్మకు నేనే విడమరిచి చెప్పాల్సి వచ్చింది. కాళ్ళ కింద ఒక పలక, నడుముకు బిగించిన పట్టీ, ఇరవై ఇరవై అయిదు మీటర్ల తాళ్ళు, వాటి చివర పది అడుగుల గదికి పరిచే తివాచీ అంత పతంగి. గాలి పతంగిని లాగుతుంది, పతంగి మనిషిని నీళ్ళ మీద లాగుతుంది. అత్తమ్మ అంతా విని, "సంక్రాంతికి పతంగిని మనం ఎగరేస్తం. ఆ పతంగి మనిషినే ఎగరేస్తదా?" అంది. మా వారు ఆ మాత్రం కూడా అనలేదు. పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయారు. ఆడపిల్ల గాలికి తిరగడం అంటే మన ఊళ్ళలో ఏ అర్థమో మీకు తెలుసు. అమ్మాయి తన సంపాదనతో తను వెళ్తోంది, మా అనుమతి అక్కర్లేదు. అయినా అడిగింది. అడిగిన పిల్లకు "వద్దు" అనడం ఎంత తేలికో, "సరే" అనడం అంత కష్టం.

నేను చదివింది బి.ఎ. తెలుగు. ఏది అర్థం కాకపోయినా ముందు ఆ మాట ఎక్కడ పుట్టిందో వెతకడం నాకు అలవాటు. అమ్మాయి ఆ గాలి పేరు మెల్టెమి అని చెప్పింది. ఈజియన్ సముద్రం మీద మే నుంచి సెప్టెంబరు దాకా ఉత్తరం వైపు నుంచి వీస్తుంది, జూలై ఆగస్టుల్లో దాని జోరు ఎక్కువ. పాత గ్రీకులు దీన్నే ఎటీషియన్ గాలి అన్నారు. వాళ్ళ భాషలో 'ఎటోస్' అంటే సంవత్సరం. ఏటేటా వచ్చే గాలి అన్నమాట. మనం ఇంగ్లీషులో వాడే మాన్సూన్ అనే మాట అరబ్బీ 'మౌసిమ్' నుంచి వచ్చింది. ఋతువు అని అర్థం. మన పక్కింటి ఉర్దూ అక్కలు రోజూ అనే మౌసమ్ అదే. అటు వాళ్ళ గాలికీ, ఇటు మన గాలికీ పేరు పెట్టిన పద్ధతి ఒకటే, ఏడాదిలో ఫలానా వేళకు తప్పకుండా వస్తుందని.

పేర్లే కాదు, ఆ రెండు గాలులూ చుట్టాలే. ఎండాకాలంలో మన వాయవ్య భారతం, పాకిస్తాన్ నేల కాగిపోయి అక్కడ గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఆ పల్లం ఇరాన్, ఇరాక్ మీదుగా టర్కీ దాకా సాగుతుంది. దాని ఇటు చివర మన మీదికి నైరుతి గాలిని లాక్కొస్తుంది. అటు చివర బాల్కన్ దేశాల మీదున్న ఎక్కువ ఒత్తిడి నుంచి ఈజియన్ మీదికి ఉత్తరపు గాలిని దించుతుంది. మనం మృగశిర కార్తెకు చేపలు తిని ఆకాశం వైపు చూసే రోజులకు అటుపక్క మెల్టెమి కూడా బయలుదేరుతుంది.

ఈ సంగతి తెలిశాక ప్లినీ రాసింది కొత్తగా కనిపించింది. ప్లినీ క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత, 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు చనిపోయాడు. రోము రాజ్యం నుంచి ఇండియాకు ఎలా వెళ్ళాలో ఆయన రోజులు లెక్కేసి మరీ రాశాడు. అలెగ్జాండ్రియా దగ్గర పడవెక్కితే, ఈ ఎటీషియన్ గాలే వెనక నుంచి తోస్తూ నైలు నది ఎదురు ప్రవాహంలో పన్నెండు రోజుల్లో కోప్టోస్ అనే ఊరికి చేరుస్తుంది. అక్కడి నుంచి ఒంటెల మీద ఎడారి దాటాలి. ఎండకు భయపడి ఎక్కువగా రాత్రిళ్ళే నడక. మరో పన్నెండు రోజులకు ఎర్రసముద్రం ఒడ్డున బెరినికే రేవు. నడి వేసవిలో ఓడెక్కితే ఎర్రసముద్రం దాటడానికి ముప్ఫై రోజులు, అక్కణ్ణుంచి మన నైరుతి గాలి మీద నలభై రోజుల్లో కేరళ తీరపు ముజిరిస్.

మొదట్లో తోసేది వాళ్ళ గాలి, చివర్లో తోసేది మన గాలి. ఇప్పుడు మా అమ్మాయి ఎక్కుతానన్నది ఆ మొదటి గాలినే, అదీ అదే జూలైలో.

ఈ దారిని హిప్పాలస్ అనే నావికుడు కనిపెట్టాడని 'ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్' అనే 1వ శతాబ్దపు వర్తకుల పుస్తకం చెబుతుంది. అరబ్బులకూ మనవాళ్ళకూ ఆ గాలి అంతకు ముందే తెలుసు. క్రీ.పూ. 118 ప్రాంతంలో ఎర్రసముద్రం తీరంలో పగిలిన ఓడలో చావు బతుకుల మధ్య ఒక ఇండియన్ నావికుడు దొరికాడట. అతన్ని ఈజిప్టు రాజు దగ్గరికి తీసుకెళ్తే గ్రీకు నేర్చుకుని, తమ దేశానికి దారి చూపిస్తానన్నాడు. యూడాక్సస్ అనే గ్రీకువాడు ఆ దారిన వచ్చి వెళ్ళాడు. స్ట్రాబో రాసిన కథ ఇది. నావికుడి పేరు మాత్రం రాయలేదు. ఇంట్లో వంట చేసినవాళ్ళ పేరు పెళ్ళి శుభలేఖలో ఉండదు, అలాగే ఇదీ.

బెరినికే తవ్వకాల్లో మన దేశపు కుండలో ఏడున్నర కిలోల మిరియాలు దొరికాయి. అంతకన్నా నన్ను ఆపేసింది ఇంకొకటి, చిరిగిన తెరచాప పీలికలు. ఇండియాలో నేసిన నూలు గుడ్డవి. ఆ గాలిని పట్టుకున్నది మన పత్తి!

ఇక ఆ ఓడల్లో వచ్చిన సొమ్ము ఎక్కడికి చేరిందంటే, మనకు పక్కనే. సంగారెడ్డి దాటి కాస్త లోపలికి వెళ్తే కొండాపూర్. ఊరికి ఒక కిలోమీటరు దూరంలో కోటగడ్డ అని పిలిచే దిబ్బ ఉంది. 1940 నుంచి 1942 దాకా హైదరాబాదు రాజ్యపు పురావస్తు శాఖ అక్కడ తవ్వితే శాతవాహనుల కాలపు పట్టణం బయటపడింది. పూసలు, మట్టిబొమ్మలు, ఇనుప సామాన్లు, దాదాపు రెండు వేల నాణేలు. వాటిలో రోమన్ చక్రవర్తి ఆగస్టస్ బంగారు నాణెం ఒకటి. మనం బస్సుల్లో తిరిగే ముంబై హైవే వెళ్ళే దిక్కునే అప్పటి వర్తకుల బాట కూడా ఉండేది. పడమట తేర్, పైఠాన్ ఊళ్ళు, అక్కణ్ణుంచి భరూచ్ రేవు. తేర్ నుంచి నూలు బట్టలు బళ్ళ మీద భరూచ్‌కు వచ్చేవని పెరిప్లస్‌లో ఉంది. మన కృష్ణా తీరాన్ని అదే పుస్తకం మసాలియా అంది. అక్కడ సన్నటి నూలు బట్ట విరివిగా నేస్తారనీ రాసింది.

ఈ వ్యాపారం మీద ప్లినీకి చాలా కడుపుమంట. ఏటా ఇండియా తమ దగ్గర 5 కోట్ల సెస్టర్స్‌లు లాగేసుకుంటోందని ఒకచోట లెక్క తేల్చాడు. ఇంకోచోట చైనా, అరేబియాలను కూడా కలిపి 10 కోట్లన్నాడు, తమ విలాసాలకూ తమ ఆడవాళ్ళకూ అయ్యే ఖర్చు అదీ అని వాపోయాడు. రెండు వేల ఏళ్ళ నాడు కూడా ఇంటి లెక్క తప్పితే నెపం ఆడవాళ్ళ మీదే! ఓడలు కట్టింది మగవాళ్ళు, లాభం తీసింది మగవాళ్ళు, నాలుగో వంతు సుంకం రాబట్టింది వాళ్ళ ప్రభుత్వం. ప్లినీ దాని ఊసెత్తితే బాగుండేది.

కొండాపూర్‌లో మరో ముచ్చట. రోమన్ నాణేలను చూసి మట్టితో చేసిన బిళ్ళలు కూడా అక్కడ దొరికాయి. తాడు దూర్చి మెడలో వేసుకోవడానికి వీలుగా చేసినవి. బంగారు కాసు కొనలేని ఇల్లాలు ఆ రాజు ముఖం మట్టిలో అచ్చు వేయించుకుని వేసుకుని ఉంటుంది. మన కాసులపేరుకు అదే మొదలని నేను అనను గానీ, వన్ గ్రామ్ గోల్డు వేసుకుని పెళ్ళికి వెళ్ళే మనకు ఆమె మనసు తెలియనిది కాదు.

ఇదంతా అత్తమ్మకు చెబితే శ్రద్ధగా విని ఒకే ప్రశ్న వేసింది. "పోయినోళ్ళు ఎట్ల తిరిగొచ్చిన్రు?"

దానికీ ప్లినీ దగ్గర జవాబుంది. డిసెంబరు ప్రాంతంలో మన దేశం నుంచి బయలుదేరతారు, ఈశాన్యపు గాలి తీసుకెళ్తుంది, ఏడాది లోపలే ఇల్లు చేరతారు. వెళ్ళడానికి ఒక గాలి, రావడానికి ఒక గాలి. మధ్యలో ఆగాల్సిన నెలలు ఆగాల్సిందే. జూలైలో కదిలితే ఇక్కడికి చేరేసరికి సెప్టెంబరు, అప్పటికి మన తీరంలో తుపాకులు పేల్చినట్టుండే అలలు తగ్గుతాయి. తొందరపడి ముందే వచ్చినవాడు ఒడ్డు కనిపించే చోట మునిగేవాడు. ఇప్పటికీ పడమటి తీరంలో జూన్, జూలైల్లో చేపల వేట ఆపుతారు కదా. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఒక కారణం, సముద్రం పొంగే కాలమని మరొకటి.

గాలి దయ లేనప్పుడు ఏమవుతుందో మన తెలుగు తీరానికి బాగా తెలుసు. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలోని సరుకంతా రాజులు లాక్కునే రోజులుండేవి. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించి దాన్ని మాన్పించాడు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవాళ్ళ సొమ్ము ముట్టుకోము, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటాము అని. సముద్రం మీదికి వెళ్ళేవాణ్ణి ఆపడం కాకుండా వాడు ఒడ్డు చేరితే ఏం చేయాలో ఆలోచించిన శాసనం అది. ఆ రాజు కూతురే రుద్రమదేవి.

దాని గురించి చదివిన రాత్రి నేను అమ్మాయికి ఫోన్ చేశాను. ఎందుకు వెళ్తున్నావని అడగడం మానేశాను. గాలి ఒడ్డు వైపు వీస్తుందా, లోపలికి వీస్తుందా అని అడిగాను. అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే విప్పి చెప్పింది. ఇసుక మేటకు ఒకవైపు అలలు ఎక్కువ. రెండోవైపు గాలి ఇసుక దాటి వస్తుంది కాబట్టి నీళ్ళు చదునుగా ఉంటాయి, నేర్చుకోవడానికి హాయి. కానీ అటువైపు గాలి మనిషిని ఒడ్డుకు కాక సముద్రంలోకి తోస్తుంది. చదునుగా కనిపించేదే మోసం. అందుకని తెచ్చే పడవ సిద్ధంగా ఉన్న స్కూల్లోనే చేరాలి, ఒంటరిగా నీళ్ళలోకి దిగకూడదు. బరువు తక్కువ మనిషికి చిన్న పతంగి ఇవ్వాలి. గాలి మితిమీరితే నడుము పట్టీ దగ్గర ఒక్క లాగుతో పతంగిని వదిలించుకునే మీట ఉంటుంది, మొదటి రోజంతా దాన్ని లాగడమే నేర్పుతారు.

ఈ పతంగుల్లో గాలి నింపిన గొట్టాలుంటాయి, నీళ్ళలో పడ్డా మునగవు, మళ్ళీ లేస్తాయి. ఫ్రాన్సుకు చెందిన లెగైనూ సోదరులు 1984లో దానికి పేటెంటు తీసుకున్నారు. నలభై ఏళ్ళకు, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అది పోటీ ఆట అయింది. ఆ పోటీలు జరిగిందీ మధ్యధరా ఒడ్డునే, మార్సేల్‌లో.

మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లలుంటే ఒక మాట. మామూలు ప్రయాణ బీమాల్లో చాలావాటికి ఇలాంటి ఆటలు వర్తించవు. పాలసీ కాగితంలో కైట్ సర్ఫింగ్ అనే మాట ఉందో లేదో చూసుకోండి. ఇక్కణ్ణుంచి వెళ్ళేవాళ్ళకైతే షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ తప్పదు. అది ఆసుపత్రి ఖర్చుకే, ఆటకు కూడా అనుకోకూడదు. మా అమ్మాయి కాగితాన్ని మా వారే చదివారు, కళ్ళజోడు పెట్టుకుని, చిన్న అక్షరాలతో సహా. రెండు చోట్ల పెన్నుతో గీసి ఫోటో పంపించారు. ఆయన సరే అన్నట్టే.

తిరుగు టికెట్టు డిసెంబరు ఆఖరి వారానికి తీసుకుంది, జర్మనీ నుంచి హైదరాబాదుకు. అత్తమ్మ అప్పుడే సకినాలకు బియ్యం లెక్క వేస్తోంది. నేను మాత్రం దాన్ని కొండాపూర్ మ్యూజియానికి తీసుకెళ్ళాలని అనుకుంటున్నాను. శుక్రవారం సెలవు కాబట్టి, శనివారం పొద్దున్నే బయలుదేరాలి.