జాకీ జాన్సన్ నెత్తురు ఏ రంగు?

డీసీ కామిక్స్ వారి సార్జెంట్ రాక్ బొమ్మల కథలు 1959లో మొదలై 1988 దాకా సాగాయి. రెండవ ప్రపంచయుద్ధంలో ఐరోపా రణరంగాన పోరాడే ఈజీ కంపెనీ అనే అమెరికన్ దళం కథలివి. ప్రధాన రచయిత రాబర్ట్ కానిగర్, ప్రధాన చిత్రకారుడు జో క్యూబర్ట్. వీటిలోకి 1961లో వచ్చిన సహాయపాత్ర జాకీ జాన్సన్. నల్లజాతి సైనికుడు, ఒకప్పటి హెవీవెయిట్ ముష్టియోధుడు.

1965 నవంబరు సంచికలోని కథ అతనిదే. ఒకనాడు తనను ఓడించిన ఊలాన్ అనే నాజీ యోధుడికి జాకీ ఇప్పుడు బందీగా చిక్కుతాడు. నీ నెత్తురు నల్లనిదని ఒప్పుకోమంటాడు ఊలాన్. ఆనాడు ఓడింది తానొక్కడేనా, తన జాతి మొత్తమా అన్న మథనం జాకీది. చివరకు గాయపడిన ఊలాన్‌కు జాకీ రక్తమే ఎక్కించవలసి వస్తుంది. అది ఎర్రనిదేనని అతను ఒప్పుకుంటాడు.

కథకు మూలం సులభంగానే కనిపిస్తుంది. జర్మన్ యోధుడు మాక్స్ ష్మెలింగ్‌కు 'నల్ల ఊలాన్' అన్న బిరుదు ఉండేది. 1936లో అతని చేతిలో ఓడిన జో లూయీ 1938లో తొలి రౌండులోనే, 124 సెకన్లలో, బదులు తీర్చుకున్నాడు. అయితే ష్మెలింగ్ నాజీ పార్టీలో ఎన్నడూ చేరలేదు.

వైద్యుడిగా నన్ను నిలిపివేసింది మాత్రం ఆ రక్తమార్పిడి ఘట్టం. మనుషుల రక్తంలోని వర్గభేదాలను లాండ్‌స్టైనర్ 1901 నాటికే వివరించాడు. ఆ భేదాలకు చర్మం రంగుతో నిమిత్తం లేదు. అయినా అమెరికన్ రెడ్‌క్రాస్ 1941లో నల్లవారి రక్తం అసలే వద్దన్నది. నిరసనలు రేగాక 1942లో తీసుకోవడానికి ఒప్పుకొని, విడిగా గుర్తు వేసి భద్రపరచింది. యుద్ధరంగానికి ప్రధానంగా పంపినది ఎర్రకణాలు తీసేసిన ప్లాస్మా. అంటే రంగునిచ్చే కణాలను తొలగించిన ద్రవానికి కూడా జాతిముద్ర వేశారన్నమాట. ఆ ప్లాస్మా సేకరణ పథకాన్ని తొలుత నడిపిన డాక్టర్ చార్లెస్ డ్రూ స్వయంగా నల్లజాతివాడు. ఈ విభజనకు శాస్త్రాధారం లేదని ఆయన బాహాటంగా ఖండించాడు. రెడ్‌క్రాస్ ఆ ముద్రను 1950లో గాని తీసివేయలేదు.

సైన్యమూ అంతే. ఆ యుద్ధకాలంలో నల్లవారివి వేరు దళాలు. సైన్యంలో సమానావకాశం కల్పిస్తూ అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చింది 1948లో. కనుక ఈజీ కంపెనీలో తెల్లవారి పక్కన జాకీ నిలబడటం చరిత్ర కాదు, కానిగర్, క్యూబర్ట్‌ల ఆకాంక్ష. పౌరహక్కుల పోరాటం సాగుతున్న రోజుల్లో, పిల్లలు చదివే పుస్తకంలో ఆ ఆకాంక్షను బొమ్మకట్టడం సాహసమే. కానీ దానికొక మూల్యం ఉంది. నీ నెత్తురు ఏ రంగని జాకీని అడిగేది కథలో శత్రువు ఒక్కడే. చరిత్రలో ఆ ప్రశ్నను సీసా మీద చీటీగా అంటించింది అతని స్వదేశమే. శత్రువు అడిగితే పిడికిలి బిగించవచ్చు. తాను ఎవరి కోసం ప్రాణమొడ్డుతున్నాడో వారే అడిగినప్పుడు జాకీ ఏం చేసి ఉండేవాడు? ఆ మథనాన్ని ఈ కథ తాకలేదు. అసలైన జాకీలు మాత్రం యుద్ధం పొడుగునా దానితోనే బతికారు.