దత్తతయుఁ బౌరసత్వమును



మనలో దత్తత జరిగిననాఁడే బిడ్డకు గోత్రము మాఱును, ఇంటిపేరు మాఱును, ఆస్తిహక్కు సంక్రమించును. సముద్రములు దాఁటిన దత్తతకు మఱియొక చిక్కు కలదు.

1955లో అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రమునందలి హారీ హోల్ట్, బెర్తా దంపతులు కొరియా యనాథశరణాలయములనుండి యెనమండుగురు పిల్లలను దత్తు తీసికొనిరి. అందులకై కాంగ్రెసుసభ ప్రత్యేకశాసనము చేయవలసి వచ్చెను. పిదప వేలకొలఁది బిడ్డలు పలుదేశములనుండి యచ్చటికిఁ జేరిరి.

న్యాయస్థానపు టుత్తరువు వారిని ఆ తలిదండ్రుల బిడ్డలనుగాఁ జేసినదే కాని యా దేశపౌరులనుగాఁ జేయలేదు. పౌరసత్వమునకు వేఱుగా దరఖాస్తు పెట్టవలెను. ఈ సంగతి యెఱుఁగని తలిదండ్రు లనేకులు. ఎఱిఁగియు నుపేక్షించినవారును లేకపోలేదు. బిడ్డ బడికిఁ బోయెను, పెద్దవాఁ డయ్యెను, పన్నులు గట్టెను. పాస్‌పోర్టు కోరిననాఁడు గాని తాను విదేశీయుఁడనని వానికిఁ దెలియలేదు. నేరము చేసి శిక్ష ననుభవించిన కొందఱిని, పుట్టిన దేశపు భాష రానివారిని, ఆ దేశమునకే పంపివేసిరి. నేరమునకు శిక్ష తగును. తలిదండ్రుల యేమఱుపాటునకుఁ గూడ బిడ్డకే శిక్షయా?

2000 అక్టోబరు 30న నొక చట్టమయ్యెను. 2001 ఫిబ్రవరి 27నుండి, పౌరులైన తలిదండ్రులయొద్ద శాశ్వతనివాసానుమతితోఁ బెరుగు 18 ఏండ్లలోపు దత్తబిడ్డలకుఁ బౌరసత్వము తనంతనే లభించుచున్నది. ఆనాఁటికే 18 నిండినవారికి మాత్ర మది వర్తింపలేదు. నెలల శిశువులై వచ్చినవారును ‘ఎన్-400’ అను దరఖాస్తు పూరించి, తలిదండ్రుల పెట్టెలలో దత్తపత్రములు వెదకి, పసినాఁటనుండి పలికిన యింగ్లీషులోనే పరీక్ష నిచ్చి, ప్రమాణము చేయవలెను.